మొదటి మందు పారనప్పుడు

ఆదోని రైల్వే స్టేషనులో బండికొఱకు వేచియున్నవారిలో పత్తి బేరగాండ్రు, కళాశాల విద్యార్థులు, మంత్రాలయ యాత్రికులు మాత్రమే యుండరు. చంకలో గుడ్డసంచి, ఆ సంచిలో పెద్ద కాగితపు కవరు, కవరులో స్కానింగు ఫిల్ములు పెట్టుకొని కూర్చున్నవారు కూడ కొందఱు కనబడుదురు. వారు బెంగుళూరుకో, హైదరాబాదుకో, చెన్నపట్నమునకో పోవుచుందురు. ఎమ్మిగనూరువారైనచో తొలుత బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి పోయి, అచ్చటినుండి పై యూరికి బయలుదేరుదురు. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివై యుండి, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రముతోపాటు కర్నూలు జిల్లాలోనికి వచ్చినవి. జిల్లా మాఱినను జబ్బు చేసినప్పుడు బళ్ళారికి పోవు పాత యలవాటు మాత్రము పూర్తిగా మాఱలేదు. ఇట్లు మూడు రాష్ట్రముల దారులు చూచుచు వైద్యమునకు పోవు ప్రాంతమిది.

ఆ ప్రయాణికులలో పెద్దపేగు క్యాన్సరు గలవారి విషయమే నేటి మా ప్రసంగము. అందును ఒక ఘట్టమునుగూర్చియే మేము ముచ్చటింపదలచినాము. వ్యాధి పేగు దాటి కాలేయమునకో, ఊపిరితిత్తులకో ప్రాకినది. మందుల సీసాలు నరములద్వారా ఎక్కించిరి. కొన్ని నెలలు కణితి తగ్గినది. పిమ్మట ఒకనాడు వైద్యుడు ఫిల్మును వెలుతురుకెదురుగా పట్టి, ఈ మందు ఇక పనిచేయుట లేదని చెప్పెను. అప్పు డేమి చేయవలెను? ఈ ప్రశ్నకు 1950లో ఒక జవాబు, 1990లో ఒక జవాబు, నేడొక జవాబు. ఆ జవాబులు మాఱిన తీరు తెలిసినవారికి వైద్యుని మాట కొంత సుబోధమగును.

మందులకు పూర్వము కత్తి యొక్కటే గతి. కణితి పెరిగి పేగు మూసికొనిపోయినచో మలము వెడలు దారి లేక, కడుపుబ్బి, వాంతులై రోగి మరణించెడివాడు. 1838లో ఫ్రాన్సు దేశపు ప్రఖ్యాత వైద్యుడు బ్రూసే ఇట్టి వ్యాధితోనే గతించెను. ఆయన బాధను చూచిన అమ్యుసా యను శస్త్రవైద్యుడు ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1839లో, పేగును శరీరపు ప్రక్కభాగమునకు తెరచి మలమును వెలికి పంపు పద్ధతిని ప్రకటించెను. నేడు రోగులు కడుపుమీద సంచి యని చెప్పుకొను శస్త్రచికిత్సకు మూలపురుషులలో ఆయన యొకడు. నూట ఎనుబదియేండ్లు దాటినను ఈ చికిత్స పాతబడలేదు. మందులన్నియు విఫలమైన పిమ్మటకూడ, అడ్డుపడిన పేగుకు ఇది ఊపిరి పోయును. మన యిండ్లలో ఈ సంచినిగూర్చి సిగ్గుపడి, వలదని మొండికేయువా రున్నారు. సిగ్గు సహజమే, కాని పదిదినములలో దానిని శుభ్రపఱచుకొనుట నేర్చి, మరల మగ్గము ముందో, అంగడి గల్లాపెట్టె ముందో కూర్చున్నవారు కూడ ఉన్నారు.

మన దక్షిణదేశపు క్యాన్సరు వైద్యచరిత్రకు కూడ పేగుతోడనే ఒక దుఃఖకరమైన సంబంధము కలదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి చెల్లెలు 1920ల తొలిభాగమున పేగు చివరిభాగపు క్యాన్సరుతో చిన్నవయసుననే గతించినది. తొలుత వైద్యులు దానిని జిగట విరేచనములుగా భావించిరి. ఆ దుఃఖమే ముత్తులక్ష్మిగారిని వదలక వెంటాడి, 1954లో అడయారు క్యాన్సరు సంస్థగా రూపుదాల్చినది. అది పండ్రెండు పడకలతో మొదలైనది. మరుసటి సంవత్సరము హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్‌గారి పేర నేడు ప్రసిద్ధమైయున్న ఆసుపత్రియు, 1973లో బెంగుళూరున కిద్వాయి సంస్థయు వెలసినవి. ఆదోని స్టేషనులోని ఆ సంచుల ప్రయాణమంతయు ఈ మూడు తలుపులవైపే. ఆనాటి ఆ పొరపాటు నేటికిని పల్లెలలో జరుగుచున్నది. మలములో రక్తము పడినచో మూలశంక యనియు, రక్తవిరేచనములనియు తలచి నెలలు గడుపుదురు.

ఇప్పుడు మందుల కథకు వత్తము. ఈ కథలో మొదటి యధ్యాయము మన తెలుగువానిదే యగుట మనకు గర్వకారణము. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. చిన్ననాడు చదువుమీద మనసు నిలువక కాశికి పోయి అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వదలి పారిపోయిన పిల్లవాడు. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి మూడవసారి గట్టెక్కినవాడు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు శస్త్రవైద్యాచార్యుని కోపమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టముతో బయటపడవలసి వచ్చెను. వారి సోదరుడు స్ప్రూ అను పేగు వ్యాధితో మరణించెను. తిన్న తిండిలోని సారమును పేగు గ్రహింపలేక, రక్తము క్షీణించి మనిషి కృశించిపోవు వ్యాధి యది. ఇంటిలోనే చావును చూచిన యీ యువకుడు ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను పట్టుదలతో సముద్రము దాటెను. బోస్టనులో ఆసుపత్రి కూలిపనులు చేయుచు హార్వర్డులో చదివెను. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనాలయమున చేరి, తన సహచరులతో కలిసి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు మార్గము కనుగొనెను. స్ప్రూకు మందు దొరకినది; సోదరుడు మాత్రము అప్పటికే లేడు.

ఫోలిక్ ఆమ్లము జీవకణము రెండుగా చీలుటకు అవసరమైన పదార్థము. అట్లయినచో, దానివలెనే కనబడుచు దాని పని చేయని ఒక దొంగ పదార్థమును కణమున కందించినచో ఏమగును? మగ్గముమీద అసలు నూలుకు బదులు పుచ్చిన నూలు పెట్టినట్లు, నేత సాగక నిలిచిపోవును. సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థములను తయారుచేసి బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుని కిచ్చెను. వానిలో అమినాప్టెరిన్ అను దానిని ఫార్బరు రక్తక్యాన్సరుతోనున్న పసివారి కిచ్చెను. పదునార్గురిలో పదిమందికి వ్యాధి తగ్గుముఖము పట్టినదని 1948 జూనులో ప్రకటించెను. ఆ తగ్గుదల తాత్కాలికమని కూడ ఆయన అదే పత్రములో దాచకుండ చెప్పెను. మందు పనిచేయుటయు, కొంతకాలమునకు పనిచేయకుండుటయు తొలినాటినుండియు జంటగానే వచ్చినవన్నమాట. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారికి 53 ఏండ్లు.

పెద్దపేగు క్యాన్సరుకు సుబ్బారావుగారి మందులు నేరుగా అంతగా ఉపకరింపలేదు. కాని వారి దారిలోనే నడచిన మరియొకరి మందు ఉపకరించినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు చార్లెస్ హైడల్బర్గర్, కణితులు యురాసిల్ అను పదార్థమును ఎక్కువగా వాడుకొనుచున్నవని తెలిసికొని, దానికి ఒక ఫ్లోరిన్ పరమాణువును తగిలించి 1957లో ఫ్లోరోయురాసిల్ అను మందును వెలువరించెను. ఇదియు దొంగనూలే. రోగుల చీట్లలో నేటికిని ఐదు-ఎఫ్‌యు అని కనబడునది ఇదియే. దాని బలము పెంచుటకు ల్యూకొవోరిన్ అను మరియొక మందును జతపఱచుదురు. ఈ ల్యూకొవోరిన్ ఫోలిక్ ఆమ్లపు కుటుంబములోనిదే. సుబ్బారావుగారు గతించిన పిమ్మట వారి పరిశోధనాలయముననే రూపుదిద్దుకొన్నది. సోదరుని పేగు జబ్బుకు మందు వెదకబోయిన భీమవరపు బిడ్డ పని, చుట్టు తిరిగి, నేడు ఎమ్మిగనూరు నేతగాని పేగు జబ్బుకు ఎక్కించు సీసాలో చేరినది. ఇట్టి విచిత్రములను చరిత్ర తనంత తానే అల్లును. మన మేమియు కల్పింపనక్కఱలేదు.

అయితే 1957 మొదలు సుమారు నలువదియేండ్లు పెద్దపేగు క్యాన్సరుకు చెప్పుకోదగిన మందు ఈ ఒక్కటియే. అది పారనినాడు రెండవ మాట లేదు. ఇంటికి తీసికొనిపొండని చెప్పుటయే వైద్యుని ధర్మముగా నుండెను.

అసలు మందు ఏల విఫలమగును? ఇది ఆదోని ప్రాంతపు పత్తి రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1980లలో శనగపచ్చ పురుగుమీద చల్లిన కొత్త మందులు తొలి యేండ్లలో అద్భుతముగా పనిచేసినవి. చేనిలోని పురుగులలో ఏవో కొన్ని పుట్టుకతోనే ఆ మందును తట్టుకొనునవి. మిగిలినవి చచ్చి, అవియే మిగిలి, వాని సంతతియే చేనంతయు నిండినది. పిమ్మట ఎంత చల్లినను లాభము లేకపోయినది. 2002లో బీటీ విత్తనము వచ్చినది. కొన్నియేండ్లకు గులాబీరంగు పురుగు దానికిని లొంగకపోయినది. కణితిలోనున్న కోట్లకొలది కణముల కథయు అట్టిదే. రోగి పథ్యము తప్పుటవలననో, మనసు దిటవు లేకపోవుటవలననో, ఇంటివారి సేవ తక్కువగుటవలననో మందు పారలేదని తలచి కుమిలిపోవువా రుందురు. తప్పు వారిది కాదు.

నలువదియేండ్ల ఆ నిశ్శబ్దమును మొదట ఛేదించినది ఒక చెట్టు. చైనాదేశమున పెరుగు కేంప్టొథీకా అను వృక్షమునుండి మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ అను శాస్త్రజ్ఞులు 1966లో ఒక పదార్థమును వేఱుచేసిరి. వాణీగారు మన దేశమువారే. 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ అను మన శాస్త్రజ్ఞులు అదే పదార్థము మన పడమటి కనుమలలోని ఒక చిన్న చెట్టులో ఇంకను విరివిగా గలదని చూపిరి. దానిని మలచి జపానువారు 1980లలో ఇరినోటికాన్ అను మందు చేసిరి. అది నిజముగా పనికివచ్చునా యని తేల్చుటకు ఐరోపాలో ఒక పరీక్ష జరిగినది. ఫ్లోరోయురాసిల్ విఫలమైన 279 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు ఉపశమన సేవతోపాటు ఇరినోటికాన్, మరియొక వర్గమునకు ఉపశమన సేవ మాత్రమే ఇచ్చిరి. 1998లో ఫలితము వెలువడినది. సంవత్సరము గడచునప్పటికి మందు పొందినవారిలో నూటికి 36 మంది, పొందనివారిలో నూటికి 14 మంది జీవించియుండిరి. ఈ వ్యాధిలో మొదటి మందు విఫలమైన పిమ్మటకూడ చికిత్సకు అర్థమున్నదని నిస్సందేహముగా నిరూపించిన పరీక్ష యిది. సంఖ్యలు చిన్నవి, కాని నలువదియేండ్లు చేతులు ముడుచుకొన్న వైద్యులకు అవి చిన్నవి కావు.

అంతలో జపానులోని నగోయా నగరమున పుట్టి ఫ్రాన్సులో పెరిగిన ఆక్సాలిప్లాటిన్ వచ్చినది. నేటి పద్ధతి ఇట్లున్నది: ఫ్లోరోయురాసిల్‌తో ఆక్సాలిప్లాటిన్ జతచేసి కొంతకాలము ఇత్తురు, అది విఫలమైనచో ఇరినోటికాన్ జత, లేదా ముందుది వెనుక, వెనుకది ముందు. రోగి చీటీలో ఫోల్ఫాక్స్, ఫోల్ఫిరి యను పేర్లు ఈ జతలవే. మాత్రల రూపమున నిచ్చునది కేపసైటబిన్.

ఈ మందుల వలని కష్టములనుగూర్చి ఎమ్మిగనూరు శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. 1938లో మాచాని సోమప్పగారు నేత సహకార సంఘమును నెలకొల్పిన నాటినుండి, వేలకొలది కుటుంబములకు వ్రేళ్ళ కొనలే అన్నము పెట్టిన ఊరది. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకొన్నవారికి చల్లని వస్తువును తాకినచో వ్రేళ్ళు జివ్వుమనును. చల్లని నీరు త్రాగినచో గొంతు బిగిసినట్లగును. మోతాదులు పెరిగినకొలది వ్రేళ్ళలో స్పర్శ మొద్దుబాఱి, తెగిన పోగు చేతికి తెలియక, గుండీ పెట్టుకొనుటయు కష్టమగును. మందు ఆపిన పిమ్మట చాలమందికి తగ్గును. కొందఱికి కొంత మిగిలిపోవును. కేపసైటబిన్ వలన అరచేతులు, అరికాళ్ళు ఎఱ్ఱబడి పొక్కి, చర్మము ఊడును. కావున తాను వ్రేళ్ళతో బ్రతుకువాడనని రోగి వైద్యునికి మొదటనే చెప్పవలెను. మొద్దుబాఱుట ఆరంభింపగనే ఆక్సాలిప్లాటిన్ ఆపి మిగిలిన మందును కొనసాగింపవచ్చును. ఇది ఓటమి కాదు, వైద్యులు నిత్యము చేయు పనియే. అడుగక ఓర్చుకొన్నవాడు చివరకు మగ్గమును పోగొట్టుకొనును.

ఇరినోటికాన్ కష్టము వేఱు. ఎక్కించిన దినము దాటిన పిమ్మట నీళ్ళ విరేచనములు పట్టుకొనవచ్చును. ఆసుపత్రివారు ముందుగనే లోపెరమైడ్ మాత్రలు ఇచ్చి, ఎట్లు వాడవలెనో చెప్పి పంపుదురు. అవి సంచి అడుగున పడియుండరాదు. ఇంతకంటె ప్రమాదకరమైనది జ్వరము. ఈ మందులు రక్తములోని తెల్లకణములను తగ్గించును. ఎక్కించిన ఒకటి రెండు వారముల నడుమ దేహము రక్షణ లేక యుండును. ఆ దినములలో వేడిమి 100.4 డిగ్రీలు దాటినచో, మరునాడు చూతమనుకొని మాత్ర మ్రింగి పడుకొనరాదు. రాత్రియైనను సమీపపు పెద్ద ఆసుపత్రికి పోయి, తాను క్యాన్సరు మందు ఎక్కించుకొన్న సంగతి మొదటి మాటగా చెప్పవలెను. క్యాన్సరు చంపనివారిని ఈ నిర్లక్ష్యము చంపిన సందర్భములు కలవు.

2004 నుండి మరియొక తరము మందులు వచ్చినవి. కణితి తనకు కావలసిన రక్తనాళములను తానే తెప్పించుకొనునని 1971లో జూడా ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడు చెప్పగా పలువురు నవ్విరి. ఆ భావముమీద పుట్టిన బెవాసిజుమాబ్‌ను జతచేసినచో జీవితము కొన్ని నెలలు పెరిగినదని 2004లో తేలినది. దానివలన రక్తపుపోటు పెరుగుట, రక్తస్రావము, రక్తము గడ్డకట్టుట, అరుదుగా పేగుకు చిల్లు పడుట కలవు. కావున శస్త్రచికిత్స తలపెట్టినచో కొన్ని వారములు ముందుగనే దానిని ఆపుదురు. రెండవది సెటుక్సిమాబ్. ఇరినోటికాన్ విఫలమైనవారికి దానినే సెటుక్సిమాబ్‌తో కలిపి మరల ఇచ్చినచో నూటికి ఇరువది ముగ్గురిలో కణితి తగ్గినదని అదే సంవత్సరము వెల్లడియైనది. ముఖమున, రొమ్మున మొటిమలు విరియుట దీని గుర్తు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము. కణితిలో రాస్ అను జన్యువు మాఱియున్నవారికి సెటుక్సిమాబ్ ఏమియు చేయదని 2008లో స్పష్టమైనది. ఇంచుమించు సగముమంది రోగులలో ఆ మార్పు ఉండును. పరీక్ష చేయక ఆ మందు కొన్నచో డబ్బు తుంగభద్రలో పోసినట్లే. మొదటి శస్త్రచికిత్సలో తీసిన కణితి ముక్కను ప్రయోగశాలలు మైనపు దిమ్మెలో భద్రపఱచును. పరీక్షలకు ఆ దిమ్మె చాలును. అది ఏ ఆసుపత్రిలో ఉన్నదో రోగి బంధువులు కనుగొని ఉంచుకొనవలెను. ఊరు మాఱి చికిత్స చేయించుకొను మన ప్రాంతమువారికి ఇది మఱింత అవసరము.

ఆ దిమ్మెపైననే మరియొక పరీక్షయు చేయుదురు. దానికి వెనుక ఒక కుట్టుపనిచేయు స్త్రీ కథ యున్నది. 1895లో, అనగా మన సుబ్బారావుగారు పుట్టిన సంవత్సరముననే, అమెరికాలోని యాన్ ఆర్బర్ పట్టణమున ఆ స్త్రీ తన బట్టలు కుట్టించుకొను వైద్యాచార్యుడు ఆల్డ్రెడ్ వార్థిన్‌తో, తన కుటుంబములో అందఱును పేగు క్యాన్సరుతోనో, గర్భాశయపు క్యాన్సరుతోనో పోవుచున్నారని, తానును అట్లే పోదునని చెప్పెను. ఆమె మాటయే నిజమైనది. వార్థిన్ ఆ వంశవృక్షమును గీచి 1913లో ప్రకటించెను. 1960లలో హెన్రీ లించ్ దానిని ముందునకు తీసికొనిపోయెను. జన్యువుల అక్షరదోషములను సరిదిద్దు యంత్రాంగము ఆ వంశమువారిలో చెడియుండెనని తరువాత తెలిసినది. వంశపారంపర్యము లేనివారిలోను కొందఱి కణితులలో ఈ లోపమే ఉండును. వ్యాధి ప్రాకినవారిలో నూటికి నలుగురైదుగురు ఇట్టివారు. వారికి సాధారణపు మందులు అంతగా పాఱవు. కాని దేహపు రక్షణశక్తిని మేల్కొల్పు పెంబ్రొలిజుమాబ్ వంటి మందులు 2015 నుండి వారిలో ఆశ్చర్యకరమైన ఫలితము లిచ్చుచున్నవి. కొందఱిలో వ్యాధి సంవత్సరములకొలది తిరిగి రాలేదు. నూటికి ఐదుగురే కదా యని పరీక్ష మానరాదు. ఆ ఐదుగురిలో ఎవరున్నారో పరీక్ష లేక తెలియదు. అట్లే బ్రాఫ్, హెర్2 అను మార్పులు గలవారికిని వేఱు మందులు నేడున్నవి.

ఇక ఆక్సాలిప్లాటిన్, ఇరినోటికాన్ రెండును విఫలమై, జన్యుపరీక్షలోను ప్రత్యేక మార్గము కనబడనివారి సంగతి. ఇచ్చట మేము లెక్కలు ఉన్నవి ఉన్నట్లు చెప్పుదుము. రెగొరాఫెనిబ్ అను మాత్ర, 760 మందిపై జరిగిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలమును 5 నెలలనుండి 6.4 నెలలకు పెంచినది. ట్రైఫ్లూరిడిన్, టిపిరాసిల్ కలిసిన మాత్ర 5.3 నెలలను 7.1 నెలలు చేసినది. ఇందులోని ట్రైఫ్లూరిడిన్ కూడ ఆ హైడల్బర్గర్ 1960లలో చేసినదే, అర్ధశతాబ్దము పిమ్మట ఈ పనికి వచ్చినది. దానికి బెవాసిజుమాబ్ జతచేసినచో 7.5 నెలలు 10.8 అయినవని 2023లో తేలినది. చైనానుండి వచ్చిన ఫ్రుక్వింటినిబ్ 4.8 నెలలను 7.4 చేసినది. మధ్యస్థమనగా సగముమంది అంతకు తక్కువ, సగముమంది అంతకు ఎక్కువ జీవించిరని అర్థము. ఏ యొక్కరికిని గడువు కాదు.

ఈ నెలలు విలువలేనివని మేమనము. కూతురి పెండ్లి చూడగోరు తండ్రికి రెండు నెలలు రెండు యుగములు. కాని ఆ రెండు నెలలలో ఎన్ని దినములు ఆసుపత్రి వరండాలో గడచును, అరికాళ్ళ పొక్కులతో, అలసటతో ఎన్ని గడచును, వానికొఱకు ఎకరము చేను అమ్మవలెనా యను ప్రశ్న అడుగుట పాపము కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవయను పేర నడచుచున్న పథకము వలన పేదలకు క్యాన్సరు చికిత్స పెద్దభాగము ఉచితముగా దొరకుచున్నది. కొత్త మందులలో ఏది ఆ జాబితాలో ఉన్నదో, ఏది లేదో ఆసుపత్రిలోని ఆ పథకపు బల్లవద్ద అడిగి తెలిసికొన్న పిమ్మటనే అప్పుపత్రము వ్రాయవలెను. తండ్రికి మందు కొనలేదను మాట పడలేక, పనిచేయదని తెలిసియు మందు కొను కొడుకులను మేమెఱుగుదుము. ఆ భారము వారిమీద పెట్టవలదని చెప్పగలవాడు రోగి యొక్కడే. అతనికి జబ్బు సంగతియే దాచినచో ఆ మాట చెప్పువా రెవరు? మన యిండ్లలో కేసు కాగితములు రోగి కంటబడనీయకుండుట ప్రేమ యనుకొందుము. చాలమంది రోగులకు నిజము తెలిసియే యుండును. ఇంటివారు బాధపడుదురని వారును తెలియనట్లే నటింతురు.

మందు పారనిచోట కత్తి పనికివచ్చు సందర్భము లున్నవి. వ్యాధి కాలేయమునందే నిలిచి, కోయవీలైనంతగా నున్నచో ఆ భాగమును తీసివేయుదురు. తగినవారిని ఏఱి చేసినచో వారిలో సుమారు నూటికి నలువదిమంది ఐదేండ్లు దాటుచున్నారు. కావున వ్యాధి ప్రాకినదన్న మాటతోనే ఆశ వదలక, కాలేయ శస్త్రవైద్యునికి ఫిల్ములు ఒకసారి చూపుట మంచిది. కడుపులోపలి పొరకు ప్రాకినప్పుడు శస్త్రచికిత్సతోపాటు వేడిచేసిన మందు కడుపులో పోయు పద్ధతికి ఒకప్పుడు మిక్కిలి ప్రచారము జరిగినది. అట్లు ఆక్సాలిప్లాటిన్ పోసినందువలన ఆయువు పెరుగలేదని ఫ్రాన్సులో జరిగిన పరీక్షయొకటి 2021లో తేల్చినది.

చికిత్సలతో సంబంధము లేకుండ వ్యాధియే తెచ్చిపెట్టు చిక్కులు కొన్ని కలవు. పేగు అడ్డుపడుట, కాలేయము నిండి పచ్చకామెర్లు వచ్చుట, కడుపున నీరు చేరుట, లోలోపల రక్తము కాఱి పాలిపోవుట, ఒక కాలు హఠాత్తుగా వాచుట. ఈ చివరిది లోపలి సిరలో రక్తము గడ్డకట్టిన గుర్తు, దానికి వెంటనే మందు పడవలెను. వీనిలో ప్రతిదానికిని ఏదో ఒక ఉపశమనమున్నది. చేరిన నీటిని సూదితో తీయుదురు. మూసికొన్న పిత్తనాళములో, పేగులోకూడ, లోహపు జాలిగొట్టమును అమర్చుదురు. శస్త్రచికిత్సకు తాళలేనివారికి పేగులోని స్రావములను తగ్గించు ఆక్ట్రియోటైడ్ వాంతులను నిలుపును. వ్యాధి తగ్గదన్న మాటకు బాధ తగ్గదని అర్థము కాదు.

ఈ బాధానివారణశాస్త్రమునకు 1967లో లండనులో సిసిలీ సాండర్సు స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమము పుట్టినిల్లు. మన దేశమున 1993లో కోళికోడున డాక్టరు రాజగోపాల్‌గారు, వారి మిత్రులు స్థాపించిన సంఘము దానిని సామాన్యుని గడపకు తెచ్చెను. గాజీపురము, నీమచ్ కర్మాగారములలో నల్లమందును శుద్ధిచేసి లోకమునకు అమ్ము దేశము మనది. ఆ నల్లమందులోని మార్ఫిను మాత్ర మన రోగికి మాత్రము దుర్లభమై యుండెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు జంకి ఆసుపత్రులు దానిని నిలువయుంచుటయే మానివేసినవి. 2014లో ఆ చట్టమును సవరించి వైద్యోపయోగమునకు దారి సులభము చేసిరి. హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రిలో ఉపశమన విభాగము పనిచేయుచున్నది. చివరి దినములలోనే అచ్చటికి పోవలెనను నియమము లేదు. 2010లో ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులపై జరిగిన ఒక పరీక్షలో, ఆరంభమునుండియే ఉపశమన సేవ పొందినవారు తక్కువ మందులు వాడియు, మిగిలినవారికంటె రెండు నెలలకు పైగా ఎక్కువ జీవించిరి. పైన చెప్పిన ఖరీదైన మాత్రల లెక్కలతో దీనిని శ్రోతలే పోల్చుకొందురు గాక.

మార్ఫిను పేరు వినగనే అలవాటుపడుదురేమో, ఆయువు తగ్గునేమో యని ఇంటివారు భయపడి, నొప్పి భరింపరానిదగువఱకు మాత్రను దాచిపెట్టుదురు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు, నొప్పి రాకముందే ఇచ్చినచో ఆ రెండు భయములకును తావులేదు. దానివలన మలబద్ధము మాత్రము తప్పక వచ్చును. కావున మార్ఫిను మొదలుపెట్టిన నాటినుండియే విరేచనపు మందును జతగా వ్రాయించుకొనవలెను. అయితే పేగు అడ్డుపడి కడుపు ఉబ్బినవారికి, మలబద్ధమే కదా యని ఇంటిలో విరేచనకారి పోయరాదు. అట్టివారిని ముందు ఆసుపత్రిలో చూపవలెను.